అయిదు వేలలో ఇంట్లో చిన్న బార్: ముందు ఏ సీసాలు కొనాలి?

కంటోన్మెంట్_కుర్రాడు
విజయనగరంలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. హాల్లో పాత పుస్తకాల బీరువా ఒకటి ఖాళీ అయింది. పైన రెండు అరలు నాకు, కింద రెండు అరలు మా ఆవిడకు అని ఒప్పందం కుదిరింది. ఆ పై అరల్లో పద్ధతిగా చిన్న బార్ పెట్టుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక.

సంక్రాంతికి బెంగళూరు నుంచి మా అక్కావాళ్లు వస్తున్నారు. బావగారు, ఇద్దరు బావమరుదులు, నలుగురు స్నేహితులు, నేను. ఎనిమిది మందిలో ముగ్గురు అసలు ముట్టరు. గ్లాసులతో సహా అయిదు వేలు దాటకూడదు. ఆ తర్వాత నెలకు వెయ్యి తీయగలను, అంతకు మించి కుదరదు.

నెట్‌లో ఇంటి బార్‌కి ఏం కావాలో చూస్తే పద్దెనిమిది సీసాల జాబితా పెట్టారు. వెర్మూత్ రెండు రకాలు, రమ్ము మూడు రకాలు, టెకీలా, నారింజ లిక్కర్, ఇంకా ఏవేవో. కూడితే నా నెల జీతం దాటింది.

పోయిన సంక్రాంతికి తక్కువ రేటులో నాలుగు సీసాలు తెచ్చి పెట్టాను. బావగారు ఒక గుక్క తాగి, గ్లాసు మెల్లగా కిటికీ గట్టు మీద పెట్టి మంచినీళ్లు అడిగారు. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ గ్లాసు తెల్లారేదాకా అక్కడే ఉంది. ఈసారి అలా కాకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సాలూరు_లారీ
ఓల్డ్ మాంక్ ఒకటి, నిమ్మకాయలు ఓ డజను. అయిపోయింది బార్. 1954 నుంచి ఆ సీసా ఎవరినీ మంచినీళ్లు అడిగించలేదు.

నాగావళి_గట్టు
బాసూ, అయిదు వేలంటే మన దగ్గర ఏం వస్తుంది? పొద్దున్నే బయల్దేరి పర్లాకిమిడి వెళ్లిపో. పాతపట్నం దాటితే అదే. ఒడిశా రేటుకి ఆరు సీసాలు తెచ్చుకోవచ్చు.

రాజాం_మిక్సర్
విశాఖలో ఒక హోటల్ బార్ కౌంటర్ వెనక తొమ్మిదేళ్లు నిలబడ్డాను. ఇప్పుడు రాజాంలో సొంత వ్యాపారం. నాకు తెలిసింది చెప్తాను.

ఆ పద్దెనిమిది సీసాల జాబితా హోటల్‌కి. హోటల్‌కి ఎవరు వస్తారో తెలియదు కాబట్టి అన్నీ ఉంచాలి. మీ ఇంటికి ఎవరు వస్తారో మీకు పేరుపేరునా తెలుసు. అందుకని సీసాల సంగతి పక్కన పెట్టి, ముందు తాగేవాళ్లకి ఫోన్ చేసి ఏం తాగుతారో అడగండి. వాళ్లలో ఎవరూ టెకీలా అనరని నా నమ్మకం.

మూడు సీసాలు చాలు. డార్క్ రమ్ము ఫుల్, విస్కీ ఫుల్, జిన్ హాఫ్. లెక్క చూడండి. ఫుల్ అంటే 750 మి.లీ., హాఫ్ 375. నేను కలిపే డ్రింకులో 45 మి.లీ. మందు పోస్తాను. ఫుల్‌కి పదహారు గ్లాసులు, హాఫ్‌కి ఎనిమిది. మొత్తం నలభై. అయిదుగురు తాగేవాళ్లు, రెండు రాత్రులు. మనిషికి రాత్రికి నాలుగు. అదే ఎక్కువ, మిగలాలి కూడా.

మందుకి మూడు వేలు, మూడు వేల రెండొందలు. మిగతాది ఐసు, నిమ్మకాయలు, సోడా, కొలత గ్లాసు, మంచింగు. చాలామంది చేసే తప్పు ఇక్కడే. డబ్బంతా సీసాలకి పెట్టి, నిమ్మకాయ దగ్గర పిసినారితనం చూపిస్తారు. మీ బావగారు గ్లాసు పక్కన పెట్టింది మందు చవకదని మాత్రమే కాకపోవచ్చు. అందాజాగా పోసుంటారు, ఐసు కరిగిపోయి ఉంటుంది, సోడా గ్యాసు పోయి ఉంటుంది.

కంటోన్మెంట్_కుర్రాడు
@రాజాం_మిక్సర్ మీరు పక్కన నిలబడి చూసినట్టు చెప్పారు. రెండు లీటర్ల సోడా సీసా సాయంత్రం తెరిచి రాత్రి పదింటి దాకా అదే వాడాం. కొలత లేదు, బావమరిది చేత్తో పోశాడు.

రాజాం_మిక్సర్
ఇంకేం. చిన్న సోడాలు కొనండి, గ్లాసుకొకటి తెరవండి. ఒకవైపు 30 మి.లీ., ఇంకోవైపు 60 ఉండే స్టీలు కొలత గ్లాసు దొరుకుతుంది, జిగ్గర్ అంటారు. 45కి ఒక 30, దానిపైన 30లో సగం. బార్‌లో అన్నిటికంటే ముందు కొనాల్సింది అదే.

శ్రీకాకుళం_వకీలు
@నాగావళి_గట్టు ఆ సలహా వెనక్కి తీసుకోండి. పండగ పూట ఒక కుర్రాణ్ణి కేసులో ఇరికిస్తారు.

మన రాష్ట్రంలో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ మందు మీద పరిమితి ఉంది. 2019లో దాన్ని ఆరు సీసాల నుంచి మూడుకు తగ్గించారు. బీరు 650 మి.లీ.వి ఆరు. పక్క రాష్ట్రం సరుకు సంగతి వేరు. 2020 సెప్టెంబరులో హైకోర్టు మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చంది. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం నిబంధన మార్చి పర్మిట్ తప్పనిసరి చేసింది. అంటే పర్లాకిమిడి నుంచి బండి డిక్కీలో ఒక్క సీసా తెచ్చినా పట్టుకోవచ్చు. 2024 అక్టోబరులో షాపుల పాలసీ మొత్తం మారింది కాబట్టి, కొనే ముందు మీ ఊరి ఎక్సైజ్ స్టేషన్‌లో ఒక మాట అడిగి కొనండి. అడిగితే ఎవరూ ఏమీ అనరు.

ఇచ్ఛాపురం_బోర్డర్
వకీలు గారు చెప్పింది అక్షరాలా నిజం. మా వీధి అబ్బాయి పెళ్లి సిట్టింగ్ కోసం బరంపురం నుంచి అయిదు సీసాలు తెస్తూ చెక్‌పోస్టు దగ్గర దొరికాడు. బండి సీజ్ అయింది. ఆ బండి విడిపించుకోవడానికి తిరిగిన తిరుగుడుకి అయిన ఖర్చులో పెళ్లి భోజనాలే అయిపోయేవి. సీసాకి వందో రెండొందలో మిగులుతుందని చూసుకున్నాడు, పాపం.

నాగావళి_గట్టు
సరే అండీ, ఒప్పుకున్నాను. 2019 నుంచి 24 దాకా మన దగ్గర అడిగిన బ్రాండ్ దొరికేది కాదు కదా, అప్పటి అలవాటు. నేను కూడా ఇక వెళ్లను.

బొబ్బిలి_కోట
నాదొక ఐడియా. ఫుల్ బాటిల్ కొని నచ్చకపోతే బాధ. క్వార్టర్లు కొనండి. రమ్ములో రెండు రకాలు, విస్కీలో మూడు రకాలు, జిన్ ఒకటి. 180 మి.లీ. కదా, రుచి చూసి ఏది నచ్చితే అది తర్వాత ఫుల్ కొనొచ్చు. 99 రూపాయల క్వార్టర్లు కూడా వస్తున్నాయి.

శ్రీకాకుళం_వకీలు
@బొబ్బిలి_కోట ఐడియా బాగుంది గానీ, నేను చెప్పిన లెక్కలో సైజు లేదు. క్వార్టరైనా ఫుల్లైనా సీసా సీసానే. ఆరు క్వార్టర్లంటే ఆరు సీసాలు.

బొబ్బిలి_కోట
అదేటండీ! అంటే రాజాం గారి మూడు సీసాలు, చట్టం మూడు సీసాలు, కుర్రాడి బడ్జెట్ మూడు సీసాలు. అన్నీ ఒకే చోట కలిశాయి.

రాజాం_మిక్సర్
@బొబ్బిలి_కోట క్వార్టర్ కొని రుచి చూడటం మంచి పద్ధతే. నెలకొకటి, అయిపోయాక ఇంకొకటి. అలా చేస్తే ఆర్నెల్లలో తన రుచి తనకు తెలుస్తుంది. సంక్రాంతికి మాత్రం వద్దు.

పార్వతీపురం_టీచరమ్మ
నేను తాగను. మా ఆయన వారానికి రెండు పెగ్గులు, ఇంట్లోనే. బయట తాగి బండి నడపడం కంటే ఇంట్లో కూర్చోవడం నయమని నేనే ఒప్పుకున్నాను. కాబట్టి ఇది ఇల్లాలి మాటగా తీసుకోండి.

బీరువాకి తాళం ఉందా? ఇంటికి పండక్కి పిల్లలు వస్తారు కదా. సీసాలో సగం మిగిలిందని కూల్‌డ్రింక్ సీసాలోకో మంచినీళ్ల సీసాలోకో ఎప్పుడూ మార్చకండి. మా ఇంట్లో ఒకసారి అలాగే జరిగింది. మా చెల్లెలి కొడుక్కి నాలుగేళ్లు. ఫ్రిజ్‌లో ఉన్న నిమ్మ కూల్‌డ్రింక్ సీసా తీసి నోట్లో పెట్టుకున్నాడు. అందులో వోడ్కా. మంట పుట్టి వెంటనే ఊసేశాడు కాబట్టి సరిపోయింది. వాడి కళ్లనిండా నీళ్లు, మా ఆయన చేతులు వణకడం, రెండూ నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. ఆ రోజే తాళం కొన్నాం. తాళం చెవి నా దగ్గర ఉంటుంది.

ఇంకొకటి. తాగిన స్నేహితులు రాత్రి ఎలా వెళ్తారు? పరుపులు వేయండి.

శ్రీకాకుళం_వకీలు
టీచరమ్మ గారికి దండం. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసే. మొదటిసారికే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పరుపు అద్దె చాలా చవక.

కంటోన్మెంట్_కుర్రాడు
@పార్వతీపురం_టీచరమ్మ అక్కా, తాళం సంగతి నాకు తట్టనే లేదు. మా అక్క పాపకి అయిదేళ్లు. బడ్జెట్‌లో తాళం రాసుకున్నాను. స్నేహితులకు మేడ మీద చాపలు, దుప్పట్లు.

వంశధార66
జిన్ను ఎందుకయ్యా? మనవాళ్లు ఎవరు తాగుతారు? దాని బదులు ఇంకో విస్కీ పెట్టుకో. ఇంకా మాట్లాడితే వోడ్కా నయం.

రాజాం_మిక్సర్
@వంశధార66 పెద్దాయనా, వోడ్కాకి తన వాసన దాదాపు ఉండదు. అందులో ఏం కలిపితే ఆ రుచే. జిన్‌కి జునిపెర్ కాయల వాసన, నిమ్మ తొక్కల వాసన పుట్టుకతోనే ఉంటాయి. ఒక్క సీసాలోనే సగం మిక్సింగు జరిగిపోయి వస్తుందన్నమాట. తక్కువ సీసాలు ఉన్నవాడికి అదే లాభం. మన ఉద్దానం కొబ్బరి బొండాం కొట్టించి, ఆ నీళ్లు ఫ్రిజ్‌లో గంట పెట్టి, 45 జిన్, 120 కొబ్బరి నీళ్లు, చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ. టానిక్ వాటర్ అక్కర్లేదు. ఇది తాగి చూసి అప్పుడు వద్దనండి.

వంశధార66
కొబ్బరి నీళ్లంటున్నావు కాబట్టి ఒకసారి చూస్తాను.

గరివిడి_గాలి
కాక్‌టెయిల్ అంటే ఆ షేకర్లూ అవీ కావాలి కదా. అవి ఎంత?

రాజాం_మిక్సర్
అక్కర్లేదు. మూత బిగుతుగా ఉండే స్టీలు మంచినీళ్ల సీసా ఉందిగా, అదే షేకర్. ఐసు సగం వేసి పన్నెండు, పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. సీసా పట్టుకోలేనంత చల్లబడాలి. టీ జల్లెడతో వడకట్టండి. సోడా మాత్రం అందులో పోయొద్దు, మూత ఎగురుతుంది. సోడా ఎప్పుడూ గ్లాసులో, ఆఖర్న.

పాకం: పంచదార ఒక గ్లాసు, వేడినీళ్లు ఒక గ్లాసు, కరిగేదాకా కలపడం. పొయ్యి మీద తీగపాకం పట్టకూడదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. రమ్ముకైతే తాటిబెల్లం పాకం చేయండి. రమ్ము చెరకు మడ్డి నుంచి పుట్టింది, తాటిబెల్లం చెరకుది కాకపోయినా ఆ రుచి దానికి చుట్టమే. 45 రమ్ము, 20 నిమ్మరసం, 20 తాటిబెల్లం పాకం, అర చెంచా అల్లం రసం, పైన సోడా. విస్కీకైతే 45 విస్కీ, 20 నిమ్మరసం, 15 పంచదార పాకం, బాగా ఊపి వడకట్టాలి. దీన్నే విస్కీ సోర్ అంటారు.

వంశధార66
విస్కీలో నిమ్మరసమా! అది మాత్రం నేను ఒప్పుకోను. మా అబ్బాయి తెచ్చిన అమృత్ సింగిల్ మాల్ట్, అంటే మొలకెత్తిన బార్లీతోనే తీసిన విస్కీ, ఉంది ఇంట్లో. బెంగళూరు సరుకు, 2004లో తీసుకెళ్లి స్కాట్లాండ్‌లోనే గ్లాస్గోలో మొదట అమ్మకానికి పెట్టారు. అలాంటిదాంట్లో నిమ్మకాయ పిండుతారా ఎవరైనా?

రాజాం_మిక్సర్
అందులో నేనూ పిండను. నాలుగు చుక్కలు మంచినీళ్లు, అంతే. కానీ కుర్రాడి బడ్జెట్‌లో వచ్చే విస్కీ అది కాదు. మన దగ్గర మధ్య రేటు విస్కీల్లో చాలావాటికి ఆధారం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే, దాంట్లో కొంత మాల్ట్ కలుపుతారు. యూరప్‌వాళ్లు దాన్ని విస్కీగా ఒప్పుకోనిది అందుకే. చెరకు ఉన్నచోట నిమ్మకాయ ఒదుగుతుంది. చెరకురసంలో నిమ్మకాయ మనకి కొత్తా?

వంశధార66
ఆ మాట నాకు తెలియదు. నలభై ఏళ్లుగా తాగుతున్నాను, లేబుల్ వెనక ఎప్పుడూ చదవలేదు.

మీకు తెలియని సంగతి నేనొకటి చెప్తాను. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 97 దాకా ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం అది, న్యాయమైనది. అప్పుడు నాకు ముప్పయ్యేళ్లు దాటలేదు. మా ఊళ్లో నాటుసారా తాగి ఒకాయన చూపు పోగొట్టుకున్నాడు. దొరకనప్పుడు ఏది పడితే అది తాగారు జనం. అందుకే నేను ఒక్కటే చెప్తాను. లేబుల్ లేనిది, సీలు లేనిది ఇంట్లోకి రానీయకండి. చుట్టం తెచ్చినా సరే.

పలాస_తోట
మంచింగు నా వంతు. జీడిపప్పు గుండు కొనకండి, బద్ద కొనండి. రుచి అదే, రేటు తక్కువ. ఇంట్లో సన్నని సెగ మీద నెయ్యితో వేయించి, దించాక ఉప్పు, మిరియాలపొడి, కరివేపాకు. కారం వేస్తే అడుగంటి చేదెక్కుతుంది, దించాకే చల్లండి.

అసలు మా దగ్గర పారేసేది ఏంటో తెలుసా? జీడిమామిడి పండు. గింజ తీసుకుని పండు చెట్టు కిందే వదిలేస్తాం. మార్చి నుంచి మే దాకా తోటంతా ఆ వాసనే. గోవావాళ్లు అదే పండుతో ఫెనీ అనే మందు చేసి, 2009లో జీఐ గుర్తింపు, అంటే అది తమ ప్రాంతపు సరుకని ముద్ర కూడా తెచ్చుకున్నారు.

కొత్తవలస_రైలు
అయితే మనం ఇంట్లో కాస్తే పోలా? పండు ఊరికే వస్తోంది. ప్రెషర్ కుక్కర్‌తో వీడియోలు చాలా ఉన్నాయి.

పార్వతీపురం_టీచరమ్మ
వద్దు బాబూ. ఇంట్లో మందు కాయడం నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, తెలియనివాళ్లు తీసినదాంట్లో, తాగకూడనివి కలిపినదాంట్లో మిథనాల్ ఉండొచ్చు. అది ఒంట్లో ఫార్మిక్ యాసిడ్‌గా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. వంశధార గారు ఇప్పుడే చెప్పారు కదా, చూపు పోయిందని. నేను సైన్స్ టీచర్‌ని, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. కుక్కర్‌లో పప్పు ఉడికించుకోండి.

కొత్తవలస_రైలు
సరే టీచర్. పప్పే.

పలాస_తోట
టీచరమ్మ గారే రైటు. నేను చెప్పబోయింది పండు రసం సంగతి. పచ్చిగా తాగితే గొంతు పట్టేస్తుంది, అంత వగరు. మా అమ్మ దానికి గంజి పోస్తుంది. అన్నం వార్చిన పల్చటి గంజి, చల్లారాక, లీటరు రసానికి చిన్న గ్లాసుడు. కలిపి కదపకుండా వదిలేస్తే వగరంతా గంజిని పట్టుకుని ముద్దముద్దగా అడుక్కి దిగుతుంది. గాజు సీసాలో పెడితే కళ్ల ముందే కనిపిస్తుంది. పైన లేత పసుపు రంగులో తేటరసం నిలుస్తుంది. మెల్లగా వంచుకోవాలి. అందులో ఉప్పు, నిమ్మ. తాగనివాళ్లకు అలాగే ఇవ్వండి, తాగేవాళ్లకు జిన్‌తో ఇవ్వండి.

2018 తిత్లీ తుఫానుకి మా తోటలో సగం చెట్లు పడిపోయాయి. తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే బాగా కాస్తున్నాయి. ఆ పండు ఎవరైనా ఇంట్లో గ్లాసులో పోసుకుని తాగుతారంటే నాకు చాలా సంతోషం.

రాజాం_మిక్సర్
@పలాస_తోట తొమ్మిదేళ్లు కౌంటర్‌లో ఉండి ఈ గంజి కిటుకు నాకు తెలియదు. రాసి పెట్టుకున్నాను.

బుడితి_ఇత్తడి
గ్లాసులు అడిగాడు కదా కుర్రాడు. మా బుడితి ఇత్తడి గ్లాసులు నాలుగు పెట్టుకో. చల్లదనం చేతికి తగులుతుంది, బీరువాకే అందం వస్తుంది.

రాజాం_మిక్సర్
@బుడితి_ఇత్తడి మీ పనితనం గురించి నాకు తెలుసు. కానీ నేను చెప్పిన డ్రింకులన్నిట్లో నిమ్మకాయ ఉంది. ఇత్తడిలో పులుపు?

బుడితి_ఇత్తడి
నిజమే, ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోస్తే కిలుమెక్కుతుంది, చారు కూడా కాయం. లోపల కళాయి వేయించినవైతే పర్లేదు. ఏడాదికోసారి మళ్లీ వేయించాలి. కుర్రాడి బడ్జెట్‌కి గాజువే మంచివి. మా దగ్గర ఐసు వేసుకునే గిన్నె ఒకటి తీసుకో, ఐసుకి పులుపు లేదు కదా.

గరివిడి_గాలి
ఐసు అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఐసు వేస్తే విస్కీ నెత్తళ్ల వాసన వస్తోంది. సీసా మార్చినా అంతే.

సాలూరు_లారీ
సీసా మార్చడం కాదు, నెత్తళ్లు మార్చు.

రాజాం_మిక్సర్
డీప్ ఫ్రీజర్‌లో చేపలు పెట్టే ప్రతి ఇంట్లో ఇదే కథ. ఐసు వాసనలు పీల్చుకుంటుంది. చేపల్ని మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి, ఐసు ట్రేని వేరే కవర్లో పెట్టి కట్టండి. రెండు రోజులు దాటిన ఐసు పారేయండి.

ఇంకో పద్ధతి. అన్నం పెట్టే చిన్న హాట్ ప్యాక్ ఉంటుంది కదా, మూత తీసి, నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. చుట్టూ గోడలు చలిని ఆపుతాయి, పైనుంచి మాత్రమే గడ్డకడుతూ కిందికి వస్తుంది. గాలి, మడ్డి అన్నీ కిందికి తోసుకుపోతాయి. పద్దెనిమిది గంటలకు తీస్తే పైన అద్దంలాంటి ఐసు, కింద కొంచెం నీళ్లు. ఆ నీళ్లు పారబోసి, అట్లకాడ అంచు ఆనించి వెనక నుంచి కొడితే గడ్డలు విరుగుతాయి. పెద్ద గడ్డ మెల్లగా కరుగుతుంది, డ్రింకు నీళ్లగా అవదు. ఫ్యాక్టరీ నుంచి చేపలకు వచ్చే ఐసు బార్‌ మాత్రం తాగేదాంట్లో వేయకండి. అది తాగే నీళ్లతో చేసింది కాకపోవచ్చు.

కంటోన్మెంట్_కుర్రాడు
హాట్ ప్యాక్ ఈ రాత్రే పెడుతున్నాను. వెర్మూత్ ఒకటైనా కొనాలా? జాబితాల్లో మొదటే అది ఉంటోంది.

రాజాం_మిక్సర్
వద్దు. వెర్మూత్ అంటే వైనే, కొంచెం ఘాటెక్కించింది. తెరిచాక ఫ్రిజ్‌లో నెలా రెండు నెలలు. బీరువాలో పెడితే మన ఉక్కపోతకి ఇంకా త్వరగా పాడవుతుంది. వారానికి రెండుసార్లు వాడేవాళ్లకి తప్ప దండగ. రమ్ము, విస్కీ, జిన్ మాత్రం మూత బిగించి, ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచితే ఏళ్లు ఉంటాయి. పడుకోబెట్టకండి, కార్కు నానుతుంది.

శ్రీకాకుళం_వకీలు
కొనేటప్పుడు ఎంఆర్‌పీ చూడండి. నాకు ఒక షాపులో సీసాకి ఇరవై ఎక్కువ అడిగారు, బిల్లు ఇవ్వమంటే తగ్గించారు. మూత మీద ఎక్సైజ్ లేబుల్ చిరిగి ఉన్నా, సీల్ తిరుగుతున్నా అక్కడే వెనక్కి ఇచ్చేయండి.

కంటోన్మెంట్_కుర్రాడు
పండగ అయింది. అందరికీ లెక్క చెప్పాలి కదా.

సీసాలు మూడు: 3,080. జిగ్గర్ 180. గాజు గ్లాసులు ఆరు, 420. చిన్న సోడాలు డజను 240. నిమ్మకాయలు వంద రూపాయలవి. బొండాలు ఎనిమిది 320. జీడిపప్పు బద్ద అర కిలో 450. తాళం 150. మొత్తం 4,940. అరవై రూపాయలు మిగిలాయి, అవి పాప పట్టుకుపోయింది.

భోగి రాత్రి ముందుగా ముట్టని ముగ్గురికీ కొబ్బరి నీళ్లలో నిమ్మ, ఉప్పు, అల్లం వేసి అవే గాజు గ్లాసుల్లో ఇచ్చాను. మా చిన్న బావమరిది ముట్టడు. ఎప్పుడూ ఒక మూల ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఈసారి జిగ్గర్ తనే తీసుకుని అందరికీ కొలిచాడు. రాత్రంతా కొలత వాడి చేతిలోనే ఉంది, ఎవరు బతిమాలినా 45 దాటనివ్వలేదు.

బావగారికి తాటిబెల్లం రమ్ము ఇచ్చాను. పాకం మా ఆవిడ చేసింది, నా నిమ్మరసం కొలత కూడా తనే సరిదిద్దింది. ఐసు గడ్డ అద్దంలా ఉంది, కింద వేలి గీతలు కనబడేంత. బావగారు ఒక గుక్క తాగి గ్లాసు వైపు చూశారు. ఇంకో గుక్క తాగారు. గ్లాసు కింద పెట్టకుండానే, "ఇందులో అల్లం వేశావా?" అని అడిగారు. తర్వాత ఇంకొకటి కావాలన్నారు.

నలుగురూ మేడ మీదే పడుకున్నారు. జిన్ సగం, విస్కీ పావు మిగిలాయి. తాళం చెవి మా ఆవిడ దగ్గర ఉంది.

పార్వతీపురం_టీచరమ్మ
మీ ఆవిడకి నా అభినందనలు చెప్పండి. చిన్న బావమరిదికి కూడా.

సాలూరు_లారీ
రమ్మే గెలిచింది. నేను మొదటే చెప్పాను.

వంశధార66
జిన్నూ కొబ్బరినీళ్లూ మా ఇంట్లో చూశాను. బాగుంది. మా ఆవిడ కొబ్బరినీళ్లు మాత్రం తాగి, రోజూ బొండాలు తెమ్మంటోంది.

కంటోన్మెంట్_కుర్రాడు
@రాజాం_మిక్సర్ ఫిబ్రవరి వెయ్యి రూపాయలకి ఏం చేయమంటారు?

రాజాం_మిక్సర్
కొత్త రకం వద్దు. రమ్ము అయిపోయింది కాబట్టి మళ్లీ రమ్మే. అరకు కాఫీ గింజలు వంద గ్రాములు తెచ్చి బరకగా దంచండి. 180 మి.లీ. రమ్ములో మూడు చెంచాల పొడి వేసి, గాజు సీసాలో ఒక రాత్రి, ఒక పగలు ఉంచి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి, బెల్లం పాకం కలపండి. ఆ విదేశీ కాఫీ లిక్కర్లు కొనే పని ఉండదు. సీసా మీద పేరు, తేదీ రాసి తాళంలో పెట్టండి, టీచరమ్మ గారు చూస్తున్నారు.

పలాస_తోట
ఏప్రిల్‌లో మా తోటకి రండి, కుటుంబంతో. పండ్లు బుట్టల్లో ఇస్తాను. గాజు సీసా, గంజి మాత్రం మీ ఇంట్లోవే వాడాలి, రసం తీసిన రోజే తాగాలి. సాయంత్రానికి పులిసిపోతుంది.

కంటోన్మెంట్_కుర్రాడు
వస్తాం అన్నా. ఏప్రిల్ రెండో ఆదివారం. బావమరిది అప్పుడే జిగ్గర్ బ్యాగులో పెట్టాడు.